గుడ్డమ్మ తడిమిన తుపాకీ

గుడ్డమ్మ ఆ రోజు పొద్దున్న ఎనిమిది గంటలకు శత్రువు తుపాకీని తడమడం మొదలుపెట్టి, భోజనాల గంట కొట్టేదాకా ఆపలేదు.

గుడ్డమ్మ మనిషి కాదు, యంత్రం. సర్కారు కాగితాల్లో దానికి మూరెడు పేరుంది. ఇంజనీరు వల్లభరావుగారు దాన్ని కనిపెట్టిన కొత్తలో ఆ పేరుతోనే పిలవమనేవారు. కాని కొండ కింది షెడ్డులో పనిచేసే ఆడవాళ్ళ కంటికి అది వేరేలా కనిపించింది. వెంట్రుకలంత సన్నని సూదులు వేలకు వేలు వస్తువు మీద వాలి, కళ్ళు లేని ముసలమ్మ మనవరాలి ముఖం తడిమి చూసుకున్నట్టు, మెల్లగా, ఒక్క చోటు కూడా వదలకుండా తడుముతాయి. ఇవతలి పక్క అన్నే సూదులు, రంపపు పొట్టు కలిపిన వేడి లక్కలో, తడిమినదాన్ని తడిమినట్టే దించుతాయి. అటు గీత ఉంటే ఇటు గీత. అటు చెమట ఇంకి మెత్తబడిన చోటు ఉంటే ఇటూ మెత్తదనమే. చల్లారాక రెండింటినీ పక్కపక్కన పెడితే ఏది తల్లో ఏది పిల్లో చెప్పడం చేసినవాళ్ళ తరం కూడా కాదు.

లక్క వేడి ఉండవలసినంతే ఉండాలి. రవ్వ ఎక్కువైతే కారిపోతుంది, తక్కువైతే పెళుసుబారుతుంది. దాన్ని కొలిచే సాధనం వల్లభరావుగారి దగ్గర లేదు, ఆ ఆడవాళ్ళలో ఒకతైన నూకాలు బొటనవేలిలో ఉంది. అందుకే యుద్ధం వచ్చిన రెండో ఏడు, లక్కబొమ్మలు చేసుకుని బతికే వాళ్ళ ఊరికి సర్కారు లారీ వచ్చి, ముప్పైమంది ఆడవాళ్ళను రోజూ పొద్దున్న షెడ్డుకు తీసుకుపోయి సాయంత్రం దింపడం మొదలుపెట్టింది. మగవాళ్ళను అంతకుముందే ఇంకో లారీ తీసుకుపోయింది. అది తిరిగి దింపే లారీ కాదు. నూకాలు మొగుడు ఎరుకునాయుడు అందులోనే పోయాడు.

యుద్ధమంతా ఒక్క కనుమ కోసం. ఆ కొండల్లో బురద తగిలితే మన తుపాకులు మొరాయించేవి. అవతలివాళ్ళవి బురదలోంచి తీసి దులిపినా పేలేవి. ఒక్క మనిషి ఒక్క తుపాకీతో కనుమ మొగదల్లో కూర్చుని, పదకొండు రోజులు మనవాళ్ళను ముందుకు కదలనివ్వలేదట. పన్నెండోనాడు వాడు చచ్చిపడి ఉంటే వేళ్ళు విడదీసి తుపాకీ తీసుకున్నారట. అదే ఇప్పుడు కంబళిలో చుట్టుకుని షెడ్డుకు వచ్చింది. దాని ఇనుము ఇంకోచోట అచ్చు దించేశారు. ఇనుము తేలిక. కాని ఆ కొత్త ఇనుముకు మామూలు కర్ర బిగించి కాలిస్తే గుళ్ళు గురికి జానెడు పక్కగా పోయాయి. కిటుకంతా భుజానికి ఆనే కర్రలో ఉందని పెద్దవాళ్ళు తేల్చారు.

"ఒలే నూకాలూ, దీని కుడి బుగ్గ సూసేవేటి?" అంది బంగారమ్మ, సూదులు లేచాక కర్ర మీదికి వంగి. బంగారమ్మ నూకాలు అత్త, ఎరుకునాయుడి తల్లి. షెడ్డులో అందరికన్నా పెద్దది, అందరికన్నా నోరున్నది. "ఎంత గుంటడిపోనాదో! సెంప ఆనించి ఆనించి అరగదీసేసినాడు. కుడి పక్క అరిగిందంటే ఆనించింది ఎడం సెంప. ఈడు పుర్రసెయ్యోడే."

"మరైతే మనోళ్ళకి పనికిరాదు కదత్తా?"

"పనికొచ్చేలా మాత్రం చెయ్యకండమ్మా," అన్నారు వల్లభరావుగారు వెనకనుంచి. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ నిద్ర చాలనట్టుండే మనిషి. "ఒకసారి ఒక నకలులో ఆ గుంట పూడ్చి, నున్నగా చేసి చూశాం. గురి పోయింది. ఈసారి వెంట్రుకవాసి తేడా రాకూడదు. ఉన్నదున్నట్టు దిగాలి."

"ఉన్నదున్నట్టా? సుక్క ఎట్టకుండానా బాబూ?"

"ఏం చుక్క?"

ముప్పైమందీ ఒక్కసారి నవ్వారు. వాళ్ళ ఊళ్ళో చుక్క లేకుండా ఏ బొమ్మా గడప దాటదు. తరిమెన మీద కర్ర తిప్పి, రంగు లక్క పట్టించి, మొగలాకుతో మెరుగు పెట్టాక, నల్లలక్క బొట్టు తీసి బొటనవేలితో ఎక్కడో ఒకచోట అదుముతారు. ఒకదానికి అరికాలి కింద, ఇంకోదానికి చెవి వెనక. ఏ రెండింటికీ ఒకేచోట పెట్టరు. అది దిష్టిచుక్క.

"రెండు బొమ్మలు ఒక్కలాగుండకూడదు బాబూ," అంది బంగారమ్మ. "ఉంటే ఒకదాని మీదున్నది లేసొచ్చి రెండోదాని మీద కూకుంటాది. మా అత్త సెప్పీది."

"ఇవి బొమ్మలు కావమ్మా."

"బొమ్మలు కావనే కదా బయ్యం."

ఆయన నవ్వి ఊరుకున్నారు. చుక్కలు లేకుండానే మొదటి విడత ఎనిమిది వందల తుపాకులు పోయాయి. షెడ్డు వెనక మైదానంలో కాల్చి చూసినప్పుడు నూకాలు తలుపు సందులోంచి చూసింది. సిపాయిలు కుడి భుజానికి పెట్టుకోబోయారు. ఎవరూ చెప్పకుండానే, నిద్రలో పక్కకు ఒత్తిగిలినట్టు, ఎడమ భుజానికి మార్చుకున్నారు. ఒక్క గుండు కూడా తప్పలేదు. నెల తిరక్కుండా కనుమ మనదైంది. షెడ్డులో అందరికీ లడ్డూలు పంచారు.

నూకాలుకు చదువు రాదు. ఎరుకునాయుడు పట్టాళంలోనే అక్షరాలు దిద్దుకుని రాసేవాడు. పోస్టుమాను వీధరుగు మీద కూర్చుని చదివేవాడు. కాని అతను చదవడం మొదలుపెట్టక ముందే ఆమె ఒకసారి పుచ్చుకుని, లోపలి కాగితం తీసి, వెనక్కి తిప్పి, బొటనవేలితో నిమిరేది. ఎరుకునాయుడిది మోటు చెయ్యి. పెన్ను దున్నినట్టు నొక్కేవాడు. కాగితం వెనకాల చాళ్ళు లేచేవి. ఆ చాళ్ళు వేలికి తగిలితే చాలు, మిగతా సంగతులు ఎవరు చదివినా ఒకటే.

ఆ నెల వచ్చిన ఉత్తరం వెనక ఆమె వేలికి ఏమీ తగల్లేదు. అటు నిమిరింది, ఇటు నిమిరింది. పిట్ట ఈకతో రాసినట్టుంది.

"ఇదెవులు రాసినారు?" అంది.

"మీ ఆయనే," అన్నాడు పోస్టుమాను. "ఇదిగో సంతకం. 'నేను క్షేమం. కొత్త తుపాకీ ఇచ్చారు. మొన్ననే ఇచ్చినా, చేతికి ఎన్నాళ్ళనుంచో అలవాటైనదానిలా ఉంది.' అక్షరాలు మటుకు కుదిరాయి నూకాలమ్మా. వెనక్కి వాలిపోతున్నాయి గాని, ముత్యాల్లా ఉన్నాయి."

ఎరుకునాయుడికి ముత్యాల్లాంటి అక్షరాలు రావడమేమిటని ఆమెకు ఆ పూటంతా అన్నం సయించలేదు.

మామిళ్ళు పూతకొచ్చే రోజుల్లో అతను ఆరు రోజుల సెలవు మీద ఇంటికి వచ్చాడు. షెడ్డుకు సెలవు కాబట్టి ఇద్దరాడవాళ్ళూ ఇంటి దగ్గరే ఉన్నారు. మిట్టమధ్యాహ్నం బస్సు దిగి నడిచొచ్చి, గడప దగ్గర తల వంచి లోపలికి అడుగుపెట్టాడు. నూకాలు చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. వెనకటి ద్వారబంధం తలకు తగులుతోందని పెళ్ళయిన ఏడే అతను గోడ పగలగొట్టి కొత్తది ఎత్తుగా నిలబెట్టాడు. తొమ్మిదేళ్ళుగా ఆ గడపలో ఎవరూ తల వంచింది లేదు.

అతను కోటు విప్పి తలుపు పక్క గోడకు తగిలించాడు. అక్కడ మేకు లేదు. కోటు కింద పడింది. తీసి దులిపి, చూడకుండానే, మళ్ళీ అదే చోట తగిలించాడు. మళ్ళీ పడింది. మూడోసారి కూడా వంగబోతుంటే నూకాలు పరుగున వెళ్ళి కోటు అందుకుని దండెం మీద వేసింది.

"అలిసిపోనావు మావా. కాళ్ళు కడుక్కో, కూడెడతాను."

అన్నం, ఎండుచేపల పులుసు. ఎరుకునాయుడు విస్తరి ముందు కూర్చుని ఎడమచేత్తో కలిపి ముద్ద తీశాడు.

"పుర్రసేత్తో తింతన్నావేట్రా సచ్చినోడా!" అని బంగారమ్మ నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగింది. అతను తన చేతిని, ఎవరో తెచ్చి తన ఒళ్ళో పెట్టిపోయిన వస్తువును చూసినట్టు చూసుకున్నాడు. కుడిచేత్తో కలపబోయాడు. మెతుకులు వేళ్ళ సందుల్లోంచి జారిపోయాయి. చివరికి మళ్ళీ ఎడమచేత్తోనే తిన్నాడు, తల ఎత్తకుండా.

చెయ్యి కడుక్కుంటూ, రోజూ అడిగే మాట అడిగినట్టు అడిగాడు.

"గుంటకి జొరం తగ్గినాదా?"

ఆ పక్క ఊళ్ళలో ఆడపిల్లను గుంట అంటారు. నూకాలుకు పిల్లల్లేరు.

"ఏ గుంట మావా?"

"మన గుంటే. ఇంకే గుంట?" అతని గొంతులో చిరాకు. గొంతు అతనిదే, యాసా అతనిదే. "కిటికీ కాడ పడుకోబెట్టొద్దని సెప్పినాను కదా, మిరే. మంచుగాలి తగుల్తాది."

మిరే ఎవరని ఆమె అడగలేదు. అడిగితే అతను చెప్పేస్తాడేమోనని భయం వేసింది. ఆ ఊళ్ళో ఎప్పుడూ మంచు పడింది లేదు. అతను చూస్తున్న గోడకు కిటికీ కూడా లేదు.

ఆరు రోజులూ అలాగే గడిచాయి. సెలవైపోయి కొడుకు బస్సెక్కాక, బంగారమ్మ వీధిలోనే చతికిలబడింది.

"ఆడు నా కొడుకు కాడే. నా కొడుకు సర్మం తొడుక్కుని ఇంకెవులో వొచ్చినారు. ఆల్ని తిట్టడానికి కూడా నోరు రాలేదే నాకు. పిల్లకి జొరమని ఎలగ కుమిలిపోతన్నాడో సూసేవా?"

మర్నాడు నూకాలు తిన్నగా వల్లభరావుగారి గదికి వెళ్ళింది. ఆయన ఎడమచేత్తో ఏదో రాసుకుంటున్నారు. ఆమెను చూడగానే పెన్ను కుడిచేతిలోకి మార్చుకున్నారు. అది నిలవలేదు, బల్ల మీద దొర్లిపోయింది.

"మీకు కూడానా బాబూ?" అంది నూకాలు.

ఆయన దొర్లిన పెన్ను తీసి పక్కన పెట్టారు. తర్వాత సొరుగులోంచి ఉత్తరాల కట్ట తీసి బల్ల మీద పెట్టారు. "పట్టాళం డాక్టరు రాస్తున్నాడు. నీ మొగుడొక్కడే కాదు. ఆ తుపాకీ పట్టిన ఎనిమిది వందలమందీ ఒకే పేరు కలవరిస్తున్నారు. నేను నెలరోజులు దాన్ని చేత్తో పట్టుకుని కొలతలు తీసుకున్నాను కదా, నాకూ వచ్చింది." ఆయన తన అరచెయ్యి చూసుకున్నారు. "చెయ్యి కర్రను అరగదీస్తుంది నూకాలూ. ఎన్నేళ్ళు అరగదీస్తే ఆ మనిషి అంత అందులో ఇంకుతాడు. వాడి గురి కావాలని వెంట్రుకవాసి వదలకుండా దించాం. గురితోపాటు గురి పట్టినవాడూ వచ్చేశాడు."

"ఆపించీండి."

"నేను చెబితే ఆపరు. గెలుస్తున్నారు. పైగా తుపాకీ వేడికి లక్క మెత్తబడుతోందని, పాతవన్నీ వెనక్కి తీసుకుని కొత్తవి ఇమ్మంటున్నారు. వచ్చే నెల నాలుగు వేలు."

"ఆ గుంట మీకూ కనిపిస్తాదా? జొరం గుంట?"

"మూడేళ్ళుంటాయి," అన్నారాయన. ఆయన గొంతు మెత్తబడింది. "చేతిలో చెక్కబాతు ఉంటుంది. వాడే చెక్కాడు. ఒక రెక్క సరిగా కుదరలేదు. నాకు పెళ్ళే కాలేదు నూకాలూ. పొద్దున్న లేస్తూనే ఆ పిల్ల నుదురు చూడాలని చెయ్యి చాస్తాను."

నూకాలు బొమ్మలు చేసే మనిషి. రెక్క కుదరని బాతు అనగానే ఎక్కడ ఉలి జారి ఉంటుందో ఆమె వేలికి తెలిసిపోయింది. అది తెలియకపోతే బాగుండేదనుకుంది.

"నాలుగు వేలకీ గుడ్డమ్మ మళ్ళీ ఆ అసలు కర్రనే తడుముతాదా?" అని మాత్రం అడిగింది.

"ప్రతి విడతకూ దాన్నే."

అసలు కర్ర మీద పడిన లక్క దుమ్ము తుడవడం నూకాలు పనే. భోజనాల గంట కొట్టాక అందరూ చెట్ల కిందికి పోతే, ఆమె ఒక్కతే దాన్ని ముందు పెట్టుకుని కూర్చునేది. మర్నాటినుంచి తుడవడం మాని ఇంకో పని మొదలుపెట్టింది. కర్ర రంగుకు సరిపోయేలా లక్క కలిపి, బొటనవేలితో ఆ చెంప గుంటలోకి పొరగా పట్టించేది. మొగలాకుతో రుద్ది, ఆరనిచ్చి, మళ్ళీ పొర. గోరు పక్కన కూడా అతుకు తెలియకూడదు. ఇరవై ఏళ్ళుగా ఏ పని చేసిందో ఆ పనే, అంతే ఒద్దికగా చేసింది.

పొర ఆరేదాకా ఊరికే కూర్చోవాలి. అప్పుడు ఎరుకునాయుడు గుర్తొచ్చేవాడు. పెళ్ళిపీటల మీద తెర దించినప్పటి అతని ముఖం. గోడ పగలగొడుతూ సున్నం పడి తెల్లబడిన తల. లక్క వేడి ఎన్నిసార్లు చూపించినా పట్టుబడక, వేలు కాల్చుకుని నోట్లో పెట్టుకుని పిల్లాడిలా గెంతడం. తలుచుకుంటూ రుద్దేది, రుద్దుతూ తలుచుకునేది. నాలుగో మధ్యాహ్నం వేలు ఆగిపోయింది. ఆ పిల్ల నుదురు ఇంకెవరు చూస్తారు? తండ్రి అక్కడ లేడు. ఇక్కడ ఎనిమిది వందలమంది చేతుల్లో ఉన్నాడు. తను పొర మీద పొర వేస్తుంటే ఆ చేతులన్నీ ఒక్కటొక్కటే వెనక్కి తీసుకున్నట్టవుతుంది. ఆ రోజు పని చెయ్యకుండా లేచిపోయింది. అయిదో రోజు మళ్ళీ కూర్చుంది. అంత ఎత్తు ద్వారబంధంలో మొగుడు తల వంచుకుని దూరడం ఇంకోసారి చూడడం ఆమె వల్ల కాదు.

పదోనాటికి గుంట పూర్తిగా నిండింది. నల్లలక్క బొట్టు తీసి, అదివరకు గుంట ఉన్న చోట బొటనవేలితో గట్టిగా అదిమింది. వెనక అడుగుల చప్పుడైంది.

"ఏటి సేస్తన్నావే?" అంది బంగారమ్మ.

"ఏటీ నేదత్తా. గుంటని పూడ్సినాను."

అన్నాక ఆ మాట తనకే వినిపించింది. బంగారమ్మకూ వినిపించింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

విడత మొదలయ్యే ముందు అసలు కర్రను వల్లభరావుగారు భూతద్దంతో చూడాలి. చూశారు. అద్దం ఆ చుక్క మీద ఆగిపోయింది.

"ఇదెవరి వేలు?"

"నాదేనండి."

"ఇవి ఇలాగే వెళ్తే గురి ఉండదు. అక్కడ మనవాళ్ళున్నారు. తెలుసు కదా?"

"తెల్సు. గురి లేదని ఎనక్కి అంపెయ్యరా బాబూ?"

"పంపేలోపు ఏమవుతుందో కూడా తెలుసా?" ఆయన గొంతు తగ్గించారు. "ఆ మనిషి ఇందులో తప్ప ఇంకెక్కడా లేడు నూకాలూ. వాళ్ళ ఊళ్ళో కూడా లేడు."

"మరి నా మనిషి ఎక్కడున్నాడండీ?"

కిటికీలోంచి ఎండ బల్ల మీద పడుతోంది. ఆయన ఆ కర్రను చాలాసేపు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. అలా పెట్టుకున్న పద్ధతి తుపాకీని పట్టుకున్నట్టు లేదు. చివరికి కాగితం మీద ఎడమచేత్తో 'తేడా లేదు' అని రాసి సంతకం పెట్టారు.

"గుంట పూడ్చేశావు," అన్నారు కర్ర ఆమె చేతికిస్తూ. "జ్వరం తగ్గకుండానే." ఆయన పై ఊరివాడు. ఆ మాట ఏ అర్థంతో అన్నారో ఆమె అడగలేకపోయింది.

గుడ్డమ్మ తడిమింది. కొత్త తుపాకులు వరసలు వరసలుగా గోడకు చేరాయి. అన్నింటికీ ఒకే చోట నల్లచుక్క, అన్ని చుక్కల్లోనూ అదే వేలి గీతలు. బంగారమ్మ వరస వెంట నడిచి నడిచి సగంలో ఆగింది.

"కొంప ముంచేసినావే," అంది కోడలితో, గుసగుసగా. "సుక్క ఎట్టీది ఒకదానిలాగ ఇంకోటి ఉండకూడదనే. నాలుగు వేలకీ ఒకే సోట, ఒకే ఏలుతో ఎడితే అది సుక్క కాదే. అచ్చు!"

అప్పటికి మొదటి లారీ గేటు దాటిపోయింది.

వానలు పడేసరికి కనుమ మళ్ళీ చేజారింది. వాళ్ళ ఊరివాళ్ళే నలుగురు పోయారు. ఆ నలుగురి పెళ్ళాలూ లారీలో నూకాలు పక్కన కూర్చునేవారు. తర్వాత రెండు రోజులు రాలేదు, మూడోనాడు బొట్టు లేకుండా వచ్చి అదే చోట కూర్చున్నారు. నూకాలు లారీ అంచు పట్టుకుని కూర్చునేది. ఎవరైనా అడిగితే చెప్పేద్దామనే ఉండేది. అడిగినవాళ్ళు లేరు.

పట్టాళం డాక్టరు ఉత్తరాలు మాత్రం వింతగా మారాయని వల్లభరావుగారు చెప్పారు. సిపాయిలెవరూ ఇప్పుడు మిరే అనడం లేదు. కందకాల్లో కూర్చుని కర్రముక్కలు చెక్కుతున్నారు, ఆకులు పెట్టి రుద్దుతున్నారు. తుపాకులు గోడకు చేరవేసి, ముఖాముఖీ ఉన్నప్పుడు కూడా కాల్చడం మరిచిపోతున్నారు. కొన్ని తుపాకులు అవతలివాళ్ళ చేతికి చిక్కాయి. అవతలి కందకాల్లోంచి కూడా రుద్దుతున్న చప్పుడు వినిపిస్తోందట.

ఎవరూ గెలవకుండానే యుద్ధం ఆగింది. గుడ్డమ్మ మీద టార్పాలిన్ కప్పి షెడ్డుకు తాళం వేశారు. వల్లభరావుగారు ఏ ఊరు పోయారో తెలియలేదు.

ఎరుకునాయుడు ఒక పగటిపూట వచ్చాడు. గడపలో తల వంచలేదు. కోటు తిన్నగా తీసుకెళ్ళి దండెం మీద వేశాడు. కుడిచేత్తో అన్నం కలుపుకున్నాడు. నూకాలు పొయ్యి దగ్గర కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. బంగారమ్మ ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేసి, చాలా రోజుల తర్వాత నోటినిండా తిట్టింది.

"గుంటకి జొరం తగ్గినాదా మావా?" అంది నూకాలు, ఉండబట్టలేక.

"ఏ గుంట?" అన్నాడు అతను.

అంతే. ఆ పిల్ల గురించి అడగడానికి ఇప్పుడు లోకంలో ఇంకెవరూ లేరని ఆమెకు అప్పుడు తట్టింది.

రెండు రోజులు పండగలాగే గడిచింది. మూడోనాడు ఆమె పెరట్లో బొగ్గుల కుంపటి రాజేసి లక్క కరిగిస్తుంటే అతను వచ్చి పక్కన కూర్చున్నాడు. బొటనవేలు ఒక్క క్షణం లక్కకు ఆనించి తీశాడు. "ఇంకొంచెం కాగాల," అన్నాడు. ఆమె వేలు పెట్టి చూసింది. నిజమే. రవ్వంత తక్కువుంది. ఎప్పుడూ వేలు కాల్చుకుని గెంతే మనిషి.

నూకాలు కుంపటి పక్కన పెట్టింది. నవ్వుతూ అడుగుతున్నట్టే అడిగింది.

"మావా, మన పెళ్ళిలో తెర దించినప్పుడు ఏటి సూసేవో సెప్పు."

ఇది వాళ్ళిద్దరి పాత ఆట. అడిగినప్పుడల్లా అతను చెప్పేది ఒక్కటే. నీ ముక్కు మీద పసుపు ముద్ద అంటుకుని ఉన్నాది, తుడుద్దామంటే అందరూ సూస్తన్నారు అని. తొమ్మిదేళ్ళుగా వింటూనే ఉంది. విన్నప్పుడల్లా పోట్లాడేది.

ఎరుకునాయుడి ముఖం వెలిగింది. కళ్ళు దించుకుని, వేలితో నేల మీద గీస్తూ చెప్పాడు.

"తెర దించీసరికి ఎదర ఆ మీసాలు! ఒకటి పైకి, ఒకటి కిందకి. నవ్వొచ్చీసింది. నవ్వితే మాయమ్మ సంపేస్తాదని పెదవి కొరుక్కుని కూకున్నాను."

పెదవి కొరుక్కున్న సంగతి నూకాలు ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

"మరి నా ముక్కు మీద ఏటున్నాది?" అంది. "పెళ్ళికూతురి ముక్కు మీద. గ్యాపకం తెచ్చుకో."

అతను నిజంగానే ఆలోచించాడు. నుదురు చిట్లించి, ఆమె ఆలోచించేటప్పుడు చేసినట్టే కుడి చెవి తమ్మె పట్టుకుని ఆలోచించాడు.

"నాకెలగ తెలస్తాది?" అన్నాడు అమాయకంగా. "నా దగ్గిర అద్దం నేదు కదా."

గుమ్మంలో బియ్యం ఏరుతున్న బంగారమ్మ చేట కింద పెట్టేసింది. ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. కూర్చున్న తీరు, మోకాలి మీద చెయ్యి, పక్కకు వాలిన మెడ.

"ఒక కొడుకుని అంపినాను," అంది మెల్లగా, ఎవరితోనూ కానట్టు. "ఇద్దరు కోడళ్ళొచ్చినారు."

ఎక్కడో నాలుగు వేల ఇళ్ళలో, అవతలి దేశంలో ఇంకెన్ని ఇళ్ళలోనో, మొగుళ్ళు పెళ్ళాల ముందు కూర్చుని ఎరుకునాయుడి మీసాలు తలుచుకుని నవ్వుకుంటున్నారు. అంతమంది తలుచుకుంటున్న ఆ ఎరుకునాయుడు మాత్రం ఎక్కడా లేడు. నూకాలుకు అరవాలనిపించింది. అరవలేదు. చేతికి తెలిసిన పని ఒకటే ఉంది. నల్లలక్క కడ్డీ తీసి కుంపటి మీద పట్టుకుంది. రెండు బొమ్మలు ఒక్కలాగుండకూడదు. ఒకదానికి చుక్క పెట్టాలి. చెంప మీద పెడితే రోజూ కనబడుతుంది, ఇది నేను, అది తను అని రోజూ తెలుస్తుంది.

లక్క కాగింది. బొట్టు తీసి, ఊదుకుని, కుడి బొటనవేలు అతని చెంప వైపు ఎత్తింది.

అతని కుడి బొటనవేలు అప్పటికే ఆమె చెంప దాకా వచ్చి ఆగి ఉంది. దాని మీద నల్లలక్క బొట్టు, ఉండవలసినంత వేడిగా, మెరుస్తోంది.